‘సమ్‌డే’ నచ్చలేదన్న పాఠకులకు, నేథన్ తరఫున

మిత్రులారా,

డేవిడ్ లెవిథన్ రాసిన ‘సమ్‌డే’ నవల మీద మీ అభిప్రాయాలు చాలా చదివాను. ఒక్క నక్షత్రం ఇచ్చి ఊరుకున్నవాళ్లున్నారు, పేజీలకు పేజీలు కోపంగా రాసినవాళ్లున్నారు, సగంలో పక్కన పడేశామని చెప్పినవాళ్లూ ఉన్నారు. మీలో ఎక్కువమంది ఈ మూడు పుస్తకాల వరుసలో మొదటిదైన ‘ఎవ్రీ డే’ని ప్రాణంగా చూసుకున్నవాళ్లేనని మీ మాటల్లోనే తెలుస్తోంది. అంత ఇష్టం లేకపోతే ఇంత కోపం రాదు. మొదటిసారి చదివినప్పుడు నేనూ మీతోనే ఉన్నాను. పుస్తకం మూసిన వెంటనే స్నేహితురాలికి ఫోన్ చేసి, “ఆరేళ్లు ఎదురుచూసింది దీనికోసమా?” అన్నాను. ఇప్పుడు ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఎందుకో మీకు చెప్పాలనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

చదవనివాళ్లకు కథ కొంచెం చెప్పక తప్పదు. ముందే తెలిసిపోతే బాధపడేవాళ్లు ఇక్కడ ఆగి, పుస్తకాలు చదివాక తిరిగి రండి. 2012లో వచ్చిన ‘ఎవ్రీ డే’లో ముఖ్యపాత్ర పేరు ‘ఏ’. ఒక్క అక్షరమే పేరు. ‘ఏ’ రోజూ పొద్దున వేరే మనిషి శరీరంలో నిద్ర లేస్తారు. ఆ మనిషి వయసు తన వయసే, పదహారు. అబ్బాయి కావచ్చు, అమ్మాయి కావచ్చు. అర్ధరాత్రి దాటితే ఆ శరీరంతో రుణం తీరిపోతుంది, మళ్లీ అందులోకి రావడం ఉండదు. పుట్టినప్పటినుంచీ బతుకు ఇంతే. కథ మొదలయ్యేది 5994వ రోజున. ఆ రోజు ‘ఏ’ జస్టిన్ అనే కుర్రాడిగా లేచి, అతని గర్ల్‌ఫ్రెండ్ రియానన్‌ని ప్రేమిస్తారు. ఆ తర్వాత ఎవరి ఒంట్లో కళ్లు తెరిచినా రియానన్ దగ్గరికి ఎలా వెళ్లాలా అన్నదే ఆలోచన.

‘ఏ’ని నేను ‘లేస్తారు’, ‘ప్రేమిస్తారు’ అని రాయడం గమనించే ఉంటారు. ‘లేస్తాడు’ అంటే అబ్బాయి అయిపోతాడు, ‘లేస్తుంది’ అంటే అమ్మాయి అయిపోతుంది. ‘ఏ’ రెండూ కాదు. మన భాషలో గౌరవానికి వాడే బహువచనం ఇక్కడ భలే అక్కరకొచ్చింది. ఇంకో సంగతి కూడా ఉంది. నవల అంతా ‘ఏ’ నోటితోనే నడుస్తుంది కాబట్టి తెలుగులోకి తెస్తే ‘నేను లేచాను, నేను వెళ్లాను’ అని హాయిగా సాగిపోతుంది. ‘నేను’ అన్నప్పుడు మన క్రియాపదం ఆడా మగా అని అడగదు. ఎప్పుడైనా ఎవరైనా అనువాదం చేస్తే చదవాలని నాకు చాలా ఆశ.

సరే, కథలోకి వద్దాం. 2015లో వచ్చిన ‘అనదర్ డే’ అదే కథను రియానన్ వైపు నుంచి చెప్పింది. కథ నిజంగా ముందుకు నడిచింది 2018లో వచ్చిన ‘సమ్‌డే’తోనే. అదే ఏడాది మైఖేల్ సక్సీ దర్శకత్వంలో మొదటి పుస్తకం సినిమాగా కూడా వచ్చింది. దాన్ని చూసి పుస్తకాల్లోకి వచ్చినవాళ్లూ మీలో ఉన్నారు. సినిమా రియానన్ కథ. ఆ ఇష్టంతో మూడో పుస్తకం తెరిచినవాళ్లకు ఆశాభంగం కలగడం నాకు అర్థమవుతుంది.

మీ ఫిర్యాదుల్లో పదేపదే కనిపించినవి ఇవీ: కథ చెప్పేవాళ్లు ఎక్కువైపోయారు. ‘ఏ’, రియానన్‌ల ప్రేమకథ పక్కకు పోయింది. ‘ఏ’కి ఇలా ఎందుకు జరుగుతుందో ఇప్పటికీ చెప్పలేదు. వీటన్నిటితో పాటు ఒక మాట కొన్నిచోట్ల చూశాను: “నేథన్ అధ్యాయాలు వచ్చినప్పుడల్లా పేజీలు తిప్పేశాను.”

ఆ మాట చూశాక ఊరుకోలేకపోయాను.

నేథన్ ఎవరో మొదటి పుస్తకం చదివి చాలాకాలమైనవాళ్లకు గుర్తు చేస్తాను. నేథన్ డాల్డ్రీ బుద్ధిమంతుడైన కుర్రాడు. ఒకరోజు ‘ఏ’ అతనిగా లేస్తారు. రియానన్ ఒక పార్టీకి వెళుతోందని తెలిసి, నేథన్ ఇంట్లో అబద్ధం చెప్పి, అతని కారు తీసుకుని అక్కడికి వెళతారు. అక్కడ ఆమెతో డాన్స్ చేస్తారు. చదువుతున్నప్పుడు మనకు ఒళ్లు పులకరించే ఘట్టం అది. కానీ టైమ్ చూసుకోలేదు. అర్ధరాత్రిలోపు నేథన్ ఇంటికి చేరే వీలు లేదు. కారు రోడ్డు పక్కకు తీసి ఆపుతారు, అంతే. ఆ రోజు ముగిసింది. ‘ఏ’ పొద్దున మరొకరి మంచం మీద లేస్తారు.

నేథన్ లేచేది మాత్రం ఆ కారులోనే. ఎదురుగా పోలీసు. ఎక్కడున్నాడో తెలియదు, ఎలా వచ్చాడో తెలియదు. తాగలేదు, మత్తుమందు తీసుకోలేదు. అమ్మానాన్నలకు ఏమని చెప్పాలి? ఆ పిల్లాడికి దొరికిన సమాధానం ఒక్కటే: దెయ్యం పట్టింది. ఆ మాటే అందరికీ చెప్పాడు. అది వార్తయింది, జనం నవ్వారు. తన కంప్యూటర్‌లో మిగిలిపోయిన ఆనవాలు పట్టుకుని ‘ఏ’కి ఈమెయిళ్లు రాయడం మొదలుపెట్టాడు. నువ్వెవరు, నాకేం చేశావు అని అడిగాడు.

మొదటిసారి చదివినప్పుడు ఆ ఈమెయిళ్లు వచ్చిన ప్రతిసారీ నాకు టెన్షన్ వచ్చేది. నేథన్ గురించి కాదు. వీడు ‘ఏ’ని పట్టించేస్తాడేమో, ప్రేమకథ పాడు చేస్తాడేమో అని. మీకూ అలాగే అనిపించిందేమో ఒక్కసారి గుర్తు చేసుకోండి. పదహారేళ్ల పిల్లాడు, తన జీవితంలో ఒక రోజు ఎవరో తీసుకెళ్లిపోతే, ఆ రోజు ఏమైందని అడుగుతున్నాడు. నేను వాడిని కథకు అడ్డం వచ్చిన పాత్రగా చూశాను. అలా చూసేలా రాయగలగడం లెవిథన్ నేర్పు. ‘ఏ’ గొంతు అంత తీయగా ఉంటుంది.

నా చూపు మార్చింది మా అన్నయ్య కూతురు. దానికప్పుడు పదిహేనేళ్లు. ‘ఎవ్రీ డే’ నేనే ఇచ్చాను. రెండు రోజుల్లో చదివి తిరిగి ఇచ్చింది. రియానన్ గురించి ఏదో అంటుందని నేను ఎదురుచూస్తుంటే, “అత్తా, మరి నేథన్‌ సంగతేంటి?” అంది. నాకు వెంటనే అర్థం కాలేదు. “వాడికి ఎవరూ నిజం చెప్పరా? వాడు జీవితాంతం దెయ్యం పట్టిందనే అనుకోవాలా?” అని మళ్లీ అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి ‘సమ్‌డే’ మళ్లీ తీశాను. ఈసారి ప్రేమకథ కోసం వెతక్కుండా, ఆ పిల్ల అడిగిన ప్రశ్న పట్టుకుని చదివాను. వేరే పుస్తకం చదివినట్టుంది.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. చాలా ఏళ్లుగా దీన్ని ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదు. పంతొమ్మిదేళ్లప్పుడు బండి మీంచి పడి తలకు దెబ్బ తగిలింది. ప్రాణానికి ప్రమాదం లేదు, వారంలో లేచి తిరిగాను. కానీ ఆ సాయంత్రం నాలుగు గంటల నుంచి రాత్రి పదింటి దాకా నాకు ఒక్క క్షణం కూడా గుర్తు లేదు. ఆ ఆరు గంటలూ నేను స్పృహ తప్పి పడి ఉన్నానా అంటే, కాదు. కళ్లు తెరిచే ఉన్నానట. లేచి నిలబడ్డానట. నాన్న ఫోన్ నంబర్ తప్పులేకుండా చెప్పానట. నర్సుతో గొడవ పడ్డానట. చూడ్డానికి పరుగెత్తుకొచ్చిన నా ప్రాణ స్నేహితురాలితో ఏదో చాలా కటువుగా అన్నానట. ఏమన్నానో అది ఇప్పటికీ నాకు చెప్పలేదు. కొన్ని నెలలు నాతో సరిగా మాట్లాడలేదు. నేను క్షమించమని అడిగాను. దేనికి క్షమించమంటున్నానో తెలియకుండానే అడిగాను.

తలకు దెబ్బ తగిలినప్పుడు ఇలా కావడం మామూలేనని డాక్టర్లు చెప్పారు. మనిషి మాట్లాడుతూ, నడుస్తూ ఉంటారు కానీ మెదడు ఆ కాసేపూ కొత్త జ్ఞాపకాలను దాచుకోలేదు. కారణం తెలిశాక కొంత ఊరట కలిగింది. అయినా ఒక విషయం ఎవరూ తీర్చలేకపోయారు. ఆ ఆరు గంటలూ నా నోటితో మాట్లాడింది ఎవరు? నేనే అంటే నమ్మకం కుదరదు, కాదంటే భయం వేస్తుంది. ఎవరైనా “నువ్వు ఆరోజు...” అని మొదలుపెడితే చాలు, ఈరోజుకీ నా చేతులు చల్లబడతాయి. నాకైతే కారణం చెప్పడానికి డాక్టరున్నారు. నేథన్‌కి ఎవరున్నారు? దెయ్యం పట్టిందని చెప్పి వాడిని చేరదీసిన పాస్టర్ పూల్ ఉన్నాడు. ఆ పూల్ శరీరంలో ఉన్నది ‘ఏ’ లాంటి మరొకరని మనకు తర్వాత తెలుస్తుంది. అంటే వాడి రోజు పోగొట్టింది ఒకరైతే, వాడి భయాన్ని వాడుకున్నది అలాంటివారే ఇంకొకరు.

ఈ కోణంలోంచి చూస్తే మొదటి పుస్తకం నిండా నేథన్‌లే కనిపిస్తారు. మైఖేల్ అనే కుర్రాడు గుర్తున్నాడా? సోదరి పెళ్లికి కుటుంబంతో కలిసి హవాయి వెళ్లాల్సిన రోజు ‘ఏ’ అతనిగా లేస్తారు. విమానం ఎక్కితే రియానన్‌కి దూరమై, మర్నాడు ఆ దీవుల్లోనే ఎవరిగానో లేవాలి. అందుకని పారిపోతారు. చదువుతూ మనం “పారిపో, పారిపో” అనుకున్నాం. ఆ ఇంట్లో ఆ రోజు ఎంత ఏడుపు ఉండి ఉంటుంది! పెళ్లిలో తోడు నిలబడాల్సిన తమ్ముడు కనిపించకుండా పోయాడు. తర్వాత ఆ పిల్లాడు అందరికీ ఏం చెప్పుకున్నాడు? పుస్తకం మర్నాటికి వెళ్లిపోయింది, మనమూ వెళ్లిపోయాం.

ఫిన్ టేలర్ సంగతి వేరు, అక్కడ నేను కోపం తెచ్చుకున్న పాఠకుల పక్షమే. మూడు వందల పౌండ్ల బరువున్న ఆ అబ్బాయిగా లేచిన రోజు ‘ఏ’ మాటల్లో చీదర కనిపిస్తుంది. డిప్రెషన్‌ని, వ్యసనాన్ని, పేదరికాన్ని, పుట్టిన దేహంతో పొసగని మనసుని అంత దయగా అర్థం చేసుకున్నవారు బరువు దగ్గరికి వచ్చేసరికి ఎందుకు అలా మాట్లాడారు? లావుగా ఉన్న పిల్లలు ఆ అధ్యాయం చదివి ఎంత నొచ్చుకున్నారో మీలో కొందరు రాశారు. రాసి మంచి పని చేశారు. ఫిన్‌కి ఒక్క పేజీ, తన నోటితో చెప్పుకునే ఒక్క పేజీ ఇచ్చి ఉంటే ఆ అధ్యాయం అలా ఉండేది కాదని నా నమ్మకం.

కెల్సీ రోజు మాత్రం దీనికి పూర్తిగా తిరగబడిన రోజు. ఆ అమ్మాయి చనిపోవాలని డైరీలో ఏర్పాట్లు రాసుకుంటోంది. ‘ఏ’ అది చదివి, రియానన్‌ని సలహా అడిగి, కెల్సీ తండ్రికి చెప్పేస్తారు. అమ్మాయి అనుమతి లేదు. అయినా అది సరైన పనే అని నేను అనుకుంటాను. ఇలాంటి రోజు కూడా ఉంది కాబట్టే ‘ఏ’ని చెడ్డవారని ఒక్క మాటలో కొట్టేయలేం. నేను కొట్టేయమని అడగడమూ లేదు. శరీరం ఎవరిదో వాళ్లను కూడా కథలో మనుషులుగా లెక్కపెట్టమని మాత్రమే అడుగుతున్నాను.

మనకు ఈ రకం కథలు కొత్త కావు. పరకాయ ప్రవేశం అన్న మాట చిన్నప్పుడే విన్నాం. శంకర విజయంలో ఆదిశంకరులు అమరుకుడనే రాజు దేహంలోకి వెళతారు. ఆ రాజు అప్పటికే చనిపోయాడు. కథ చెప్పినవాళ్లు ఎంత జాగ్రత్తపడ్డారో చూడండి. బతికున్నవాడి దేహం కాదు, వదిలేసిన దేహం. అయినా అంతఃపురంలో వాళ్లకు తేడా తెలిసిపోయింది, మన రాజు ఇలా ఉండేవాడు కాదే అని. భేతాళుడు విక్రమార్కుడికి చెప్పిన తలలు మారిన కథ కూడా అందరికీ తెలిసిందే. భర్త తల ఒక మొండేనికి, అన్న తల ఇంకో మొండేనికి పొరపాటున అతికించింది ఆ అమ్మాయి. ఎవరు భర్త అని భేతాళుడు అడుగుతాడు, తల ఎవరిదైతే అతనే భర్త అని రాజు తేలుస్తాడు. చిన్నప్పుడు ఆ జవాబు విని ఎంత మురిసిపోయానో. ఇప్పుడు అనిపిస్తుంది, ఆ ముగ్గురినీ పిలిచి మీకెలా ఉంది అని ఎవరూ అడగలేదే అని.

పడమటి కథల్లోనూ దాదాపు ఇదే తీరు. 1882లో ఎఫ్. ఆన్‌స్టీ రాసిన ‘వైస్ వెర్సా’లో ఇండియా నుంచి తెచ్చిన గరుడ రాయి వల్ల తండ్రీకొడుకులు ఒకరి రూపంలోకి ఒకరు మారిపోతారు. కొడుకు హాస్టల్ కష్టం తండ్రికి తెలిసొస్తుంది. మేరీ రాజర్స్ 1972లో రాసిన ‘ఫ్రీకీ ఫ్రైడే’లో పదమూడేళ్ల అనబెల్ అమ్మ ఒంట్లో లేస్తుంది. కథంతా అనబెల్ చెబుతుంది. ఆ రోజు అమ్మ, కూతురి ఒంట్లో ఉంటూ, పళ్ల క్లిప్పులు తీయించి, జుట్టు కత్తిరించి, కొత్త బట్టలు కొని అమ్మాయిని చక్కగా తయారు చేస్తుంది. తిరిగి తన ఒంట్లోకి వచ్చిన అనబెల్ అద్దంలో చూసుకుని సంతోషపడుతుంది. నచ్చింది కాబట్టి సరిపోయింది. నచ్చకపోతే? ఈ వరుసలో నాకు ఎక్కువ నచ్చేది ఇంకా పాతది, 1856 నాటి థియోఫిల్ గొతియే కథ ‘అవతార్’. ఒక యువకుడు ప్రేమించిన ఆమె కోసం ఆమె భర్త శరీరంలో దూరతాడు. ఆమె ఆ కళ్లు చూసి, ఇది నా భర్త చూపు కాదని గ్రహించి దూరం జరుగుతుంది. శరీరం పోగొట్టుకున్న భర్త ఊరుకోడు, తన దేహానికే ఎదురు నిలబడి కత్తి దూస్తాడు. నూట అరవై ఏళ్లకు పైబడిన ఆ కథలో, ఇల్లు పోయినవాడు వచ్చి తలుపు కొట్టాడు.

‘సమ్‌డే’లో తలుపు కొట్టింది నేథన్. మీరు “కథ చెప్పేవాళ్లు ఎక్కువయ్యారు” అన్న చోటే నాకు పుస్తకం ప్రాణం కనిపించింది. మొదటి పుస్తకంలో ‘నేను’ అనే హక్కు ఒక్క ‘ఏ’కే ఉంది. రెండో దాంట్లో అది రియానన్‌కి వచ్చింది. అదే కథ మళ్లీ చెప్పారని చాలామంది విసుక్కున్నారు కానీ, ‘ఏ’ చూపులో అందమైన బొమ్మలా కనిపించిన అమ్మాయి అక్కడే మనిషిగా నిలబడింది. రోజుకో ముఖంతో వచ్చే మనిషిని ప్రేమించడం ఎంత కష్టమో, జస్టిన్‌ని వదలడం ఎంత కష్టమో ఆమె మాటల్లో విన్నాం. మూడో దాంట్లో ఆ హక్కు నేథన్‌కీ, ‘ఏ’ లాంటి మరికొందరికీ వచ్చింది. ఒక్క గొంతుతో మొదలైన కథ గుంపుగా మారడం తడబాటు కాదని నాకు అనిపిస్తుంది. వేల రోజులు వేలమంది ఇళ్లల్లో ఉండి వెళ్లిన మనిషి కథ ఇంకెలా ముగుస్తుంది?

నేథన్, రియానన్ స్నేహితులు కావడం నాకు ఎంతో నచ్చింది. ‘ఏ’ వదిలి వెళ్లిన ఇద్దరు మనుషులు వాళ్లు. ఒకరు ప్రేమించి మిగిలిపోయారు, ఒకరు ఏమీ తెలియకుండా మిగిలిపోయారు. నాకు జరిగింది నిజమే, నేను పిచ్చివాడిని కాదు అని నేథన్‌ ఇంకొక మనిషితో కూర్చుని మాట్లాడుకోగలగడం ఎంత పెద్ద విషయమో జ్ఞాపకం పోగొట్టుకున్న నాకు తెలుసు. నా విషయంలో ఆ పని చేసింది పక్క మంచం మీద ఉన్న ఒక పెద్దావిడ. డిశ్చార్జ్ అయ్యే ముందు నన్ను పిలిచి, ఆ రాత్రి నేను ఏం చేశానో ఒక్కొక్కటీ నెమ్మదిగా చెప్పింది. “మధ్యమధ్యలో మీ అమ్మని పిలిచావు తల్లీ” అంది. ఆ ఒక్క ముక్కతో, ఆ ఆరు గంటల్లో ఉన్నది నేనేనని కాస్త నమ్మకం కలిగింది.

ఇక ‘ఎక్స్’ గురించి. పూల్ శరీరంలో మనం చూసినది అతన్నే. రోజు గడిచినా వదలకుండా ఒకే ఒంట్లో ఉండిపోవడం నేర్చుకున్నవాడు. అతని అధ్యాయాలు బలంగా లేవని మీరంటే ఒప్పుకుంటాను. భయపెట్టాల్సినచోట ఉపన్యాసం చెబుతాడు. మిగతా పాత్రలు కూడా కొన్నిచోట్ల ఒకే గొంతుతో, వయసుకు మించిన జ్ఞానంతో మాట్లాడతాయి. అన్నయ్య కూతురు కూడా “మా క్లాసులో ఎవరూ ఇలా మాట్లాడరు” అంది. అయినా ‘ఎక్స్’ ఎందుకు ఉండాలో మాత్రం నాకు స్పష్టంగా కనిపిస్తోంది. మొదటి పుస్తకం చివర్లో ‘ఏ’కి ఒక ఆశ చూపిస్తారు: నువ్వు కూడా ఉండిపోవచ్చు. అలెగ్జాండర్ అనే మంచి అబ్బాయి దేహం ఉంది, రియానన్ ఉంది, కావాలంటే అక్కడే ఉండిపోవచ్చు. ‘ఏ’ ఉండలేదు. అలెగ్జాండర్‌ని రియానన్‌కి పరిచయం చేసి, అతని బతుకు అతనికి వదిలేసి దూరంగా వెళ్లిపోయారు. మనం ఏడ్చాం. ‘ఉండిపోయి ఉంటే బాగుండు’ అని మీలో ఎంతమంది అనుకున్నారో, నేనూ అనుకున్నాను. ఉండిపోయినవాడు ఎలా ఉంటాడో ‘ఎక్స్’ని చూపించి చెప్పాడు రచయిత. మన కోరికే మనకు ముఖం చూపించింది. అది బాగా లేదని పుస్తకం మీద కోపం తెచ్చుకోవడం న్యాయం కాదేమో ఆలోచించండి.

ఈ వింత ఎందుకు జరుగుతుందో చెప్పలేదన్న ఫిర్యాదు మీద నాకు పెద్దగా చెప్పాల్సింది లేదు. చెప్పినా ఏ గ్రహం వల్లో, ఏ శాపం వల్లో అని చెప్పాలి. దానివల్ల నేథన్‌కి పోయిన రోజు తిరిగి రాదు.

మీ దగ్గర నేను కోరేది ఏమిటంటే, ‘సమ్‌డే’కి మీరిచ్చిన మార్కులు మార్చమని కాదు. నచ్చనిది నచ్చలేదని చెప్పే హక్కు మీకుంది, ఫిన్ విషయంలో ఆ హక్కు వాడినందుకు నేను మీకు రుణపడి ఉన్నాను. కానీ మీరు రాసేవి చదివి పుస్తకం తెరవాలా వద్దా అని నిర్ణయించుకునే పిల్లలు ఎంతోమంది ఉన్నారు. వాళ్లలో కొందరికి మత్తుమందు ఇచ్చి ఎవరో ఒక రాత్రి తీసుకెళ్లిపోయి ఉండొచ్చు. కొందరికి మూర్ఛ వచ్చి మధ్యాహ్నాలు మాయమవుతూ ఉండొచ్చు. తమ శరీరంతో తమకు తెలియకుండా ఏదో జరిగిందని ఎవరికీ చెప్పుకోలేక తిరుగుతూ ఉండొచ్చు. వాళ్లకు ‘ఏ’, రియానన్‌ల ప్రేమకథ కన్నా రోడ్డు పక్క కారులో లేచిన ఆ కుర్రాడు ఎక్కువ అవసరం. “నేథన్ అధ్యాయాలు దాటేయండి, ఏమీ పోదు” అని రాసేటప్పుడు దయచేసి ఆ పిల్లలను ఒకసారి తలుచుకోండి. కుదిరితే ఆ వాక్యం తీసేయండి. ఇంకా కుదిరితే ఆ అధ్యాయాల గురించి రెండు మాటలు రాయండి. తిడుతూ రాసినా ఫరవాలేదు, చదివి రాయండి.

మళ్లీ చదివే ఓపిక లేనివాళ్లు ఒక పని చేయండి. ‘ఎవ్రీ డే’లో పార్టీ అధ్యాయం ఒక్కటి తీయండి. డాన్స్ దాకా చదవండి, కారు రోడ్డు పక్కకు ఆగేదాకా చదవండి. అక్కడ పుస్తకం పక్కన పెట్టి, ‘సమ్‌డే’లో నేథన్ పేరున్న మొదటి అధ్యాయం తెరవండి. ఆ రెంటి మధ్య రచయితకు ఆరేళ్లు పట్టింది. మీకు ఒక సాయంత్రం చాలు. చదివాక ఏమనిపించిందో నాకు రాయండి, నేను ఒప్పుకోని మాటైనా సరే. అన్నయ్య కూతురు కూడా మీ జవాబుల కోసం ఎదురుచూస్తోంది. ఆ ప్రశ్న ముందు అడిగింది అదే కదా.

మీలో ఒక పాఠకురాలు